చావమన్నా చావని ప్లేటు

ఏడంగుళాల నల్లనిదానా, నిమిషానికి 45 చుట్లు తిరిగే పొగరుబోతుదానా, నీకు దండం.

నిన్ను పుట్టించినవాళ్ళే నిన్ను చంపమన్నారు. 1977 మార్చి 10న లండన్‌లో బకింగ్‌హామ్ రాజభవనం ఎదుట, నడివీధిలో బల్ల వేసి, సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బృందం కుర్రాళ్ళ చేత ఏ అండ్ ఎం రికార్డుల కంపెనీ సంతకాలు పెట్టించింది. ఫొటోలు తీశారు, పోలీసులు పొమ్మన్నారు, అందరూ నవ్వుకున్నారు. మార్చి 16కల్లా ఒప్పందం రద్దయింది. ఆరు రోజుల కాపురం! అప్పటికే నువ్వు 25,000 దాకా అచ్చయి కూర్చున్నావు: ఒక వైపు 'గాడ్ సేవ్ ది క్వీన్', రెండో వైపు 'నో ఫీలింగ్స్', లేబులు మీద ఏఎంఎస్ 7284 అని నంబరు. అన్నిటినీ నాశనం చెయ్యమని పైనుంచి ఉత్తరువు వచ్చింది.

కొన్ని మిగిలాయి. ఏ గుమాస్తా కోటు లోపల దాక్కున్నావో, ఏ గోదాము కుర్రాడి సంచిలో అడుగున పడుకుని ఇల్లు చేరావో! కంసుడి చెర దాటించిన ఆ వసుదేవుడి పేరు నీ లేబులు మీద లేదు. వేలంపాటలో నువ్వు పది వేల పౌండ్లు దాటి పలికినప్పుడల్లా జనం ముక్కున వేలేసుకుంటారు. ఆ పాటే కావాలంటే చిల్లర డబ్బులకు దొరుకుతుంది కదా అంటారు. దొరుకుతుంది. ప్లేట్లు సేకరించే మేం సొమ్ము పోసేది ఉత్తరువును లెక్కచెయ్యని ఆ చేతికి.

నీకు ముందు పుట్టిన అక్కకూ దండం. 1976 నవంబరులో ఈఎంఐ విడుదల చేసిన 'అనార్కీ ఇన్ ది యు.కె.' అది. మొదటి కాపీల అట్ట మీద అక్షరం లేదు, బొమ్మ లేదు, ఉత్త నలుపు. డిసెంబరు 1న టీవీలో వ్యాఖ్యాత బిల్ గ్రండీ రెచ్చగొడితే కుర్రాళ్ళు బూతులు లంకించుకున్నారు. దాంతో ఈఎంఐ వారి హేస్ ఫ్యాక్టరీలో ప్లేట్లు సర్దే పనివాళ్ళు దాన్ని ముట్టుకోం అన్నారు. జనవరికి ఈఎంఐ చేతులు దులుపుకుంది. (మన ఇళ్ళలో ఘంటసాల భగవద్గీత ప్లేటు మీద చెవి రిక్కించి కూర్చున్న హెచ్‌ఎంవి కుక్క అప్పట్లో ఆ ఈఎంఐ గూటిదే. ఒకే కుక్క, ఎన్ని స్వరాలు విందో పాపం.) తొలి ముద్రణలో రెండు వైపులా నిర్మాతగా క్రిస్ థామస్ పేరే పడింది. నిజానికి వెనక పాట డేవ్ గుడ్‌మన్ చేసినది. తరవాత దిద్దారు. మాకు మాత్రం దిద్దనిదే కావాలి. లోకమంతా తప్పులేనిదాన్ని ఏరుకుంటే మేం తప్పున్నదాన్ని వెతుక్కుంటాం, ఏం చేస్తాం.

నీ అసలు గుట్టు పాటలో లేదు. పాట అయిపోయాక, చివరి గాడికీ లేబులుకూ మధ్య నున్నటి పట్టీ ఒకటుంటుంది. అక్కడ ముల్లుకు పనిలేదు, కంటికే పని. నిన్ను అంచులతో పట్టుకుని దీపం కింద ఏటవాలుగా వంచితే, వెలుగు ఒక కోణంలో జారినప్పుడు మాత్రమే ఆ గుర్తులు పైకి తేలతాయి: గుద్దిన అంకెలు, చేత్తో గీసిన అక్షరాలు, కొట్టేసి మళ్ళీ రాసినవి. లండన్‌లో గాళ్ళు చెక్కే జార్జ్ పెకమ్ తను కోసిన ఎన్నో ప్లేట్ల మీద 'ఎ పోర్కీ ప్రైమ్ కట్' అని గీసేవాడు. శిల్పి సంతకం అది, వినేవాడికి కాకుండా వెతికేవాడికి పెట్టినది. నీకు దొంగ అచ్చులు పుట్టాయంటే ఆశ్చర్యమేముంది? లేబులు రంగు, అక్షరాల మందం ఎవడైనా అనుకరించగలడు. ఆ పట్టీ దగ్గరికొచ్చేసరికి చెయ్యి వణుకుతుంది, అక్కడ దొరికిపోతాడు.

నిన్ను కొని, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును పెట్టెలో పెట్టి, ఒక్కసారైనా పాడించనివాళ్ళున్నారు. ముల్లు తగిలిన ప్రతిసారీ గాడి అరుగుతుందన్నది నిజమే. అయినా అరవడానికి పుట్టినదాని నోరు నొక్కిపెట్టడం నాకు నచ్చదు. స్టీవ్ జోన్స్ గిటారు పొర మీద పొరగా గోడ కడుతుంటే, పాల్ కుక్ డ్రమ్ములు దాన్ని గుద్దుతుంటే, మధ్యలో జానీ రాటన్ 'ర'కారాలను పళ్ళ కింద నలిపి ఉమ్ముతుంటే, ఆ వెనక చిటపటలాడే దుమ్ము కూడా పాటలో భాగమే.

అన్నట్టు, నిన్ను చంపినా పాట చావలేదు. మే 27న వర్జిన్ కంపెనీ దాన్ని మళ్ళీ వేసింది. ఈసారీ ఫ్యాక్టరీలో పనివాళ్ళు మొరాయించారు. నీలం, వెండి రంగుల అట్ట మీద రాణిగారి బొమ్మ, కళ్ళకూ నోటికీ అడ్డంగా పేపరు కత్తిరింపుల లాంటి అక్షరాలు. జేమీ రీడ్ పనితనం. బీబీసీ వినిపించనంది. రాణి పాతికేళ్ళ పాలన పండగ జరుగుతున్న జూన్ 7న కుర్రాళ్ళు థేమ్స్ నదిలో పడవెక్కి వాయిస్తే పోలీసులు పడవ ఆపి మనుషుల్ని పట్టుకుపోయారు. ఆ వారం అమ్మకాల అధికారిక పట్టికలో రెండో స్థానం. లెక్కలో మోసం జరిగిందని ఇప్పటికీ వాదిస్తారు. కొన్ని దుకాణాల్లో పెట్టిన పట్టికలో ఆ పేరు ఉండాల్సిన చోట ఏమీ రాయకుండా ఖాళీ వదిలేశారు.

నా అలమరలో ఉన్నది ఈ వర్జిన్ చెల్లెలే. నువ్వు నాకు దొరకవు, తెలుసు. కానీ ఖాళీ గీతతో ఉన్న ఆ పట్టిక కాగితం ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, కొంటాను.