బూజు పట్టిన అంతరిక్షం

ఆదివారం పొద్దున హైదరాబాద్ అబిడ్స్‌లో పెద్ద దుకాణాల షట్టర్లు దిగే ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఇంజనీరింగ్ గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలు, అట్ట ఊడిన ఇంగ్లిషు నవలలు. వాటి పక్కన అప్పుడప్పుడూ ఒక అట్టపెట్టె కనబడుతుంది. పైన డీవీడీలు, అదృష్టం బాగుంటే అడుగున నాలుగు వీడియో క్యాసెట్లు. నేను నడుం వంచేది ఆ పెట్టె దగ్గరే.

"చూస్కోని తీస్కో సార్. ఇంటికి పోయినంక నడుస్తలేదని మళ్ల రావొద్దు" అన్నాడొక అమ్మకందారు. న్యాయమైన మాటే. క్యాసెట్టు కొనేవాడికి తన కళ్ళను మించిన గ్యారంటీ లేదు.

నేను వెతికేది తొలి రోజుల టీవీ సైన్స్ ఫిక్షన్. ఆ మాట తెలియకముందే మా ఈడు వాళ్ళకు స్పాక్ చెవులు తెలుసు. 1980లలో దూరదర్శన్ ఆదివారం ఉదయాల్లో 'స్టార్ ట్రెక్' వేసేది. చేతి గడియారంలో మాట్లాడి రాక్షసుడంత రోబోను పిలిచే కుర్రాడి కథ 'జెయింట్ రోబో' కూడా ఆ దశాబ్దంలోనే వచ్చింది. 1967లో జపాన్‌లో మొదలైన 26 భాగాల సీరియల్ అది. ఇంగ్లిషు డబ్బింగుతో మన ఇళ్ళకు చేరింది. తర్వాత మనవాళ్ళే తీసిన 'ఇంద్రధనుష్', 'స్పేస్ సిటీ సిగ్మా' వచ్చాయి. 1998లో కేతన్ మెహతా 'కెప్టెన్ వ్యోమ్' వచ్చింది, అందులో మిలింద్ సోమన్ హీరో. 'ఇంద్రధనుష్' పిల్లల్లో ఒకడు కరణ్ జోహార్ అని చెబితే ఇప్పటికీ కొందరు నమ్మరు. టేపు పెట్టి చూపించాల్సిందే.

అసలు మన పల్లెలకు టీవీ వచ్చిన తీరే ఒక సైన్స్ ఫిక్షన్ కథ. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు 'సైట్' అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం జరిగింది. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల పల్లెల్లోని సెట్లకు నేరుగా ప్రసారాలు. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఇనుప జాలీతో చేసిన, మనిషికన్నా పెద్ద గొడుగు లాంటి యాంటెన్నా పల్లె మధ్యలో నిలబడింది. ఉపగ్రహ ప్రసారాలను ఎప్పుడో ఊహించి రాసిన ఆర్థర్ సి. క్లార్క్‌కు కొలంబోలోని ఇంట్లో మన ఇస్రో ఇంజనీర్లు అలాంటి యాంటెన్నానే పెట్టి ఇచ్చారు. ఊహించిన రచయితా, ఆయన పేరు ఎన్నడూ వినని మన రైతూ ఒకే ఉపగ్రహాన్ని చూశారన్నమాట.

టీవీ ప్రసారాలను పట్టి ఇంట్లో దాచుకోవడం మాత్రం గల్ఫ్ పెట్టెలతో మొదలైంది. దుబాయి నుంచో జెద్దా నుంచో వచ్చినవాళ్ళ సామానులో వీసీఆర్ దిగేది. ఆదివారం కార్యక్రమాన్ని రికార్డు చేసి పెట్టమని పక్కింటివాళ్ళు ఖాళీ క్యాసెట్టు పంపేవారు. ఇప్పుడు అబిడ్స్ పెట్టెల్లోకి వచ్చి పడుతున్నవి ఎక్కువగా ఆ ఇళ్ళవే. పెద్దవాళ్ళు పోయాక, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత పేపర్లతో కలిపి తూకానికి వేసినవి.

క్యాసెట్టు చేతికి రాగానే లేబుల్ చదవడం కొత్తవాళ్ళ పద్ధతి. లేబుల్ సాధారణంగా అబద్ధం చెబుతుంది. ముందు చూడాల్సింది అద్దం లోంచి కనబడే రీలు అంచు. నల్లగా నున్నగా ఉంటే సరే. తెల్లని చారలో చుక్కలో కనబడితే అది బూజు. మన వానాకాలం, బీరువాలో గాలాడని అర కలిస్తే పట్టక మానదు. తర్వాత వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకు. దాన్ని విరిచేసి ఉంటే ఎవరో ఈ రికార్డింగును చెరిపేయకూడదనుకున్నారని అర్థం. విరిచిన పలుకు కనబడితే నేను బేరం ఆడను. ఈ-180 అని ఉంటే మన పాల్ పద్ధతిలో మూడు గంటల టేపు. టీ-120 అయితే అమెరికా సూట్‌కేసులో వచ్చిందేమో అనుకోవాలి. అక్కడి ఎన్‌టీఎస్‌సీ బొమ్మకు 525 గీతలు, సెకనుకు 30 ఫ్రేములు. మనకు 625 గీతలు, 25 ఫ్రేములు. ఒక పద్ధతి టేపును ఇంకో పద్ధతి మిషన్లో పెడితే రంగులు పోయి బొమ్మ దొర్లుతూ ఉంటుంది. గల్ఫ్ వీసీఆర్‌లు చాలావరకు రెండింటినీ ఆడిస్తాయి, అందుకే వాటికి ఇప్పటికీ గిరాకీ.

ఇక ఆడించడం. నాంపల్లిలో ఇప్పటికీ వీసీఆర్ విప్పే మెకానిక్ ఒకాయన ఉన్నాడు. అందరికీ ఆయన ఉస్తాదే. పినియన్లు, రబ్బరు బెల్టులు కోఠీ గుజరాతీ గల్లీలో వెతికి తెచ్చుకుంటాడు. "మొదలు ప్లే వత్తకు. మొదలు తిప్పు" అన్నది ఆయన నాకు నేర్పిన తొలి పాఠం. ఏళ్ళ తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. చివరిదాకా ముందుకు, మళ్ళీ మొదటిదాకా వెనక్కి మెల్లగా తిప్పితే విడిపోతాయి. బూజు పట్టినదాన్ని మిషన్లో పెట్టకూడదు. క్యాసెట్టు అడుగున ఐదు మరలు ఉంటాయి. వాటిని విప్పి, టేపు తుడిచి, రీళ్ళను మంచి డొప్పలోకి మార్చాలి.

ఈ పాఠం నేను నష్టపోయాకే నేర్చుకున్నాను. ఒకసారి తొందరపడి అబిడ్స్ క్యాసెట్టును అలాగే తోశాను. వీసీఆర్ లోపల రెండు హెడ్లున్న డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరుగుతూ అరంగుళం టేపు మీద ఏటవాలు గీతలను చదువుతుంది. ఆ వేగంలో బూజు హెడ్ల సందుల్లోకి కూరుకుపోయింది. హెడ్డు చూసుకోకుండా తర్వాత పెట్టింది అక్క పెళ్ళి క్యాసెట్టు. తలంబ్రాల దగ్గర టేపు నలిగింది. అక్క ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంది.

ఇంత కష్టం దేనికి, అన్నీ ఫోన్లో దొరుకుతున్నాయి కదా అంటారు. దొరికేవి దొరుకుతాయి. బీబీసీ తన 'డాక్టర్ హూ' 1960ల భాగాలు 253లో చాలావాటిని తానే చెరిపేసింది. టేపు ఖరీదైనది, రంగుల టీవీ వచ్చాక నలుపు తెలుపు బొమ్మను మళ్ళీ ఎవరు చూస్తారనుకున్నారు. 90కి పైగా భాగాల బొమ్మ ఇప్పటికీ లేదు. 1953 నాటి 'ది క్వాటర్మాస్ ఎక్స్‌పెరిమెంట్' ఆరు భాగాల్లో మొదటి రెండే ఫిల్ముకెక్కాయి. పోయిన 'డాక్టర్ హూ' భాగాలు కొన్ని విదేశీ స్టేషన్లకు అమ్మిన 16 మిల్లీమీటర్ల ఫిల్ముల రూపంలో తిరిగొచ్చాయి. 2013లో వెల్లడైన తొమ్మిది భాగాలు నైజీరియాలోని జోస్ పట్టణంలో దొరికాయి. బొమ్మ దొరకని 'డాక్టర్ హూ' భాగాలన్నిటికీ శబ్దం మాత్రం మిగిలింది. ఎలాగంటే, కుర్రాళ్ళు కొందరు ఇంట్లో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టుకుని కూర్చున్నారు కాబట్టి. అంత పెద్ద సంస్థ నిలుపుకోలేనిది ఆ కుర్రాళ్ళు నిలుపుకున్నారు. మన ఇళ్ళలో వీసీఆర్ బటన్ నొక్కినవాళ్ళను నేను ఆ జాబితాలోనే వేస్తాను.

డిస్కుల సంగతి కొంచెం వేరు. 2007లో మోజర్ బేర్ సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34కు దించింది. ఆ ధరకు కొనుక్కోగలిగితే కిరాయికి ఎవరు తెచ్చుకుంటారు? వీధి చివరి వీడియో లైబ్రరీలు జెరాక్స్ షాపులయ్యాయి. విదేశీ సీరియళ్ళ పెట్టెలు మాత్రం చుట్టాల సామానుతోనే వచ్చేవి. అమెరికా డిస్కు రీజియన్ 1, బ్రిటన్‌ది 2, మనది 5. తాళం తీసిన ప్లేయర్ లేకపోతే పెట్టె అలంకారానికే. డిస్కును తిప్పి వెలుతురులో చూడాలి. తళతళలాడే వెండి రంగైతే అచ్చేసింది. ఊదా ఛాయ కొడితే ఎవరో కంప్యూటర్లో కాల్చింది.

అచ్చేసిన వాటిలోనూ తేడాలున్నాయి. 'స్టార్ ట్రెక్' సెకనుకు 24 ఫ్రేముల ఫిల్ము. పాల్ టేపుకూ డిస్కుకూ దాన్ని 25తో తిప్పుతారు. 50 నిమిషాల భాగం 48కే అయిపోతుంది, గొంతులు కొంచెం సన్నబడతాయి. 2006 నుంచి వచ్చిన కొత్త ప్రతుల్లో నౌక బొమ్మలన్నీ కంప్యూటర్‌తో మళ్ళీ చేశారు. శుభ్రంగా ఉన్నాయి, కాదనను. నాకు మాత్రం చెక్కతో, ప్లాస్టిక్కుతో చేసిన ఆ పాత నౌకే కావాలి. దాన్ని వెలిగించినవాడి చేతిపని అందులో కనబడుతుంది.

కిందటి చలికాలం నుమాయిష్ జనంలోంచి బయటపడి ఉస్తాద్ దగ్గరికి ఒక క్యాసెట్టు పట్టుకెళ్ళాను. లేబుల్ మీద పెళ్ళివారి ఇంటిపేరు. పలుకు విరిచి లేదు. తుడిచి, డొప్ప మార్చి, తిప్పి ఆడించాం. రెండున్నర గంటల పైచిలుకు పెళ్ళి. నకలుకు నకలు కావడంతో పట్టుచీర ఎరుపు పక్కకు కారిపోతోంది. అప్పగింతలు అయ్యాయి. కాసేపు చుక్కలు. ఉస్తాద్ ఆపబోతుంటే ఉండమన్నాను. చుక్కల్లోంచి బొమ్మ వణుకుతూ నిలబడింది. ట్రాకింగ్ తిప్పితే కుదురుకుంది. పెళ్ళిని ఎక్కించింది ఆదివారం ఉదయపు రికార్డింగు మీద, తోక మిగిలిపోయింది. కుర్రాడు గడియారం నోటి దగ్గర పెట్టుకుని అరుస్తున్నాడు. సముద్రంలోంచి రోబో లేచింది, చెయ్యి పైకెత్తింది. అంతే, మళ్ళీ చుక్కలు.

టేపు ఇంకా ఐదు నిమిషాలు ఉంది. అందులో ఏమీ లేదు.

"కరెంట్ పోయి ఉంటది" అన్నాడు ఉస్తాద్.