చేదు, క్షమ, ఋణం: తెలుగు బైబిలు పదజాలంలో గాయపడినవారి స్థానం

వ్యాససంగ్రహం:
క్రైస్తవ జీవితంలో క్షమాపణను గురించిన బోధ అంతా కొన్ని పదాల మీద ఆధారపడి ఉంది. మూలభాషల్లో ఒకే కుటుంబానికి చెందిన ‘చేదు’ అనే భావం తెలుగు బైబిలు పాత అనువాదంలో ఒకచోట దుఃఖంగా, మరొకచోట ద్వేషంగా, ఇంకొకచోట పగగా విడిపోయింది. ‘విడిచిపెట్టడం’ అనే అర్థమున్న క్రియకు ‘క్షమించు’ అనే మాట స్థిరపడింది. ఈ రెండు మార్పులు కలిసి గాయపడిన వ్యక్తిపై ఎటువంటి భారం మోపాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. జాషువా కావ్యాలు రెండింటిని పోలిక కోసం స్వీకరిస్తుంది.

కీలకపదాలు: క్షమ, చేదు, ఋణం, బైబిలు అనువాదం, జాషువా, గబ్బిలం, ఫిరదౌసి.

1. ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవ సంఘాల్లో క్షమాపణను గురించిన ప్రసంగం సాధారణంగా రెండు మాటల చుట్టూ తిరుగుతుంది. మొదటిది ‘చేదైన వేరు’ (హెబ్రీ 12:15). రెండవది ‘క్షమించుట’. మనసులో చేదు ఉంచుకోవడం పాపమనీ, క్షమించడమే దానికి విరుగుడనీ బోధకులు చెబుతారు. ఈ బోధలో తప్పులేదు. కానీ దానిని ఎవరికి చెబుతున్నామనే ప్రశ్న మిగిలి ఉంటుంది. భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీకి, అన్నదమ్ముల చేతిలో మోసపోయి ఆస్తి కోల్పోయినవానికి, కులం పేరిట అవమానం పొందినవానికి ఇదే మాట చెప్పినప్పుడు, అన్యాయం చేసినవాని తప్పు వెనక్కి వెళ్ళి, బాధపడినవాని బాధే ముందు విచారణకు వస్తుంది. ఇందుకు బోధకుల దృష్టి ఒక కారణం కావచ్చు. మనకు అందిన పదజాలం కూడా కొంత కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పరిశీలనకు బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా ప్రచురణగా విస్తృత వాడుకలో ఉన్న పాత అనువాదాన్ని ఆధారం చేసుకున్నాను.

2. చేదు: దుఃఖం నుండి ద్వేషం వరకు

కొత్త నిబంధన గ్రీకు మూలంలో ‘పిక్రియ’ అనే నామవాచకం నాలుగు చోట్ల కనిపిస్తుంది. దాని మూలార్థం చేదు. తెలుగు అనువాదం ఈ నాలుగు చోట్లా నాలుగు వేర్వేరు పదాలు వాడింది. అపొస్తలుల కార్యములు 8:23లో అది ‘ఘోర దుష్టత్వము’ అయింది. రోమా 3:14లో ‘పగ’ అయింది. ఎఫెసీ 4:31లో ‘ద్వేషము’ అయింది. హెబ్రీ 12:15లో మాత్రమే ‘చేదు’గా మిగిలింది. సందర్భాన్ని బట్టి పదం మార్చడం అనువాదకుని హక్కు. ఆ ఎంపికల్లో ఏ ఒక్కటీ విడిగా చూస్తే అనుచితం కాదు. అయితే నాలుగింటినీ వరుసగా చూసినప్పుడు, రుచిని తెలిపే మాట మూడు చోట్ల నైతిక దోషాన్ని తెలిపే మాటగా మారడం గమనించవచ్చు.

పాత నిబంధనలో ఇందుకు భిన్నమైన మార్పు జరిగింది. రూతు గ్రంథం మొదటి అధ్యాయంలో భర్తనూ ఇద్దరు కుమారులనూ పోగొట్టుకుని బేత్లెహేముకు తిరిగివచ్చిన నయోమి, ఇకమీదట తనను ‘మారా’ అని పిలవమంటుంది (1:20). హీబ్రూలో మారా అంటే చేదు. దేవుడు తన బ్రతుకును చేదు చేశాడన్నది ఆమె ఫిర్యాదు. తెలుగు అనువాదం ఆ క్రియను ‘దుఃఖము’ కలిగించడంగా చెప్పింది. సమూయేలు మొదటి గ్రంథంలో హన్నా మనస్థితికి మూలంలో ఉన్నది కూడా చేదును తెలిపే పదమే (1:10). తెలుగులో ఆమె ‘దుఃఖాక్రాంతురాలు’ అయింది.

ఈ రెండు పదకుటుంబాలూ ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. హీబ్రూ గ్రంథాలకు ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింతులో నయోమి తనకు పెట్టుకున్న పేరు ‘పిక్ర’ అనే విశేషణమే. అంటే గ్రీకు పాఠకునికి నయోమి దుఃఖమూ, ఎఫెసీయులను విడిచిపెట్టమన్న దోషమూ ఒకే ధాతువుతో వినిపించాయి. తెలుగు పాఠకునికి అవి దుఃఖం, ద్వేషం అనే రెండు వేర్వేరు మాటలు. దుఃఖితురాలిని ఓదార్చాలి, ద్వేషించేవానిని మందలించాలి అనేది మన సహజ స్పందన. మొదటిది ఎక్కడ రెండవదిగా మారుతుందో, ఆ మార్పుకు ఎంత కాలం పడుతుందో అడిగే అవకాశం ఈ విభజన వల్ల మరుగున పడింది.

తెలుగు వాడుకలో చేదు దోషవాచి కాకపోవడం ఇక్కడ గమనార్హం. ‘చేదు అనుభవం’, ‘చేదు జ్ఞాపకం’ అన్నప్పుడు తప్పు అనుభవించినవానిది కాదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదును జీవితంలో భాగంగా స్వీకరిస్తాం. కనుక చేదును చేదుగానే అనువదించి ఉంటే తెలుగు పాఠకుడు దానిని ముందు అనుభవంగా, ఆ తర్వాతే దోషంగా చదివి ఉండేవాడు.

హెబ్రీ 12:15 విషయంలో మరో జాగ్రత్త అవసరం. ‘చేదైన వేరు’ అనే ఉపమకు మూలం ద్వితీయోపదేశకాండము 29:18. అక్కడ ఆ వేరు అన్యదేవతల వైపు తిరిగి సమాజమంతటినీ విషపూరితం చేసే మనిషి. బాధితుని మనసులో మిగిలిన నొప్పి ఆ వాక్యానికి మొదటి అర్థం కాదు. దానిని పూర్తిగా వ్యక్తిగత కక్షకే అన్వయించే ప్రసంగ సంప్రదాయం ఆ సందర్భాన్ని పక్కన పెడుతోంది. అలాగే కొలొస్సయి 3:19లో ఇదే ధాతువుకు చెందిన క్రియ ద్వారా హెచ్చరిక అందుకున్నది భార్యలు కారు, భర్తలు. భార్యల పట్ల చేదుగా ఉండవద్దన్న ఆ ఆజ్ఞను తెలుగు అనువాదం ‘నిష్ఠురపెట్టు’ అనే క్రియతో చెప్పింది. చేదు బలవంతుని వైపు నుంచి కూడా పుడుతుందన్న అవగాహన మూలంలో స్పష్టంగా ఉంది.

3. క్షమ: ఓర్పు, విడుదల

సంస్కృతంలో ‘క్షమ్’ ధాతువుకు సహించడం, ఓర్చుకోవడం అర్థాలు. ‘క్షమ’ అంటే ఓర్పు. భూమికీ అదే పేరు, ఎందుకంటే ఎంత తవ్వినా దున్నినా భరిస్తుంది. ‘మన్నించు’ అనే మాట మన్నన నుండి వచ్చింది. అందులో పెద్దవారు చిన్నవారిని ఆదరించే భావం ఉంది. వాడుకలో ‘తప్పులుంటే కడుపులో పెట్టుకోండి’ అంటాం. ఈ మూడింటిలోనూ క్షమించేవాడు ఏదో ఒకటి తనలోనే ఉంచుకుంటాడు, లేదా మోస్తాడు.

సువార్తల్లో క్షమాపణకు ప్రధానంగా వాడిన ‘అఫియేమి’ దీనికి భిన్నమైన క్రియ. దాని అర్థం విడిచిపెట్టు, వదలు. జాలరులు వలలు విడిచిపెట్టినప్పుడూ (మత్తయి 4:20), సీమోను అత్తను జ్వరం వదిలినప్పుడూ (మార్కు 1:31) మూలంలో ఉన్నది ఇదే. ఆ రెండు చోట్లా తెలుగు అనువాదం సహజంగానే విడిచిపెట్టు, వదలు అనే క్రియలను వాడింది. పాపం, ఋణం ప్రస్తావనకు వచ్చేసరికి ‘క్షమించు’ను ఎంచుకుంది. చేతిలోనిది వదలడాన్ని చెప్పే మాట స్థానంలో, మీద పడినదానిని భరించడాన్ని చెప్పే మాట వచ్చింది.

వాడుకలో ‘క్షమించు’కు విడిచిపెట్టే అర్థం రాలేదని నా వాదన కాదు. పదం తన వ్యుత్పత్తికి బందీ కాదు. కానీ ధాత్వర్థం పూర్తిగా మాసిపోలేదు. ‘భూదేవంత ఓర్పు’ను స్త్రీకి ఆదర్శంగా చూపిన సమాజంలో, క్షమించమన్న ఉపదేశం భరించమన్న ఉపదేశంగా వినిపించడం ఆశ్చర్యం కాదు. బాధ ద్వేషంగానూ, విడుదల ఓర్పుగానూ అనువాదమైనప్పుడు గాయపడినవాని మీద రెండు భారాలు పడతాయి. బాధపడినందుకు అతడు దోషి అవుతాడు. దోషం పోగొట్టుకోవడానికి ఇంకా భరించవలసినవాడు అవుతాడు.

4. ఋణం: లెక్క తేలిన తర్వాత

పరలోక ప్రార్థనలో మత్తయి ‘ఋణము’ అన్నాడు (6:12). లూకా ‘పాపము’ అన్నాడు. అయితే లూకా అదే వాక్యంలో మనకు తప్పు చేసినవానిని బాకీపడినవానిగానే చెప్పాడు (11:4). తెలుగు అనువాదం అక్కడ ‘అచ్చియుండు’ అనే పాత తెలుగు క్రియను ఉపయోగించింది. అచ్చియుండడం అంటే బాకీపడి ఉండడం. ఇది అనువాదకుల ఎంపికల్లో చాలా ఉచితమైనది. నేటి పాఠకునికి ఆ పదం దూరమైపోవడం నష్టమే.

మత్తయి 18లోని దాసుని ఉపమానం ఈ ఋణభావాన్నే కథగా చెబుతుంది. రాజుకు దాసుడు బాకీపడినది పదివేల తలాంతులు. తోటి దాసుడు అతనికి బాకీపడినది నూరు దేనారాలు. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు. ఆ లెక్కన మొదటి అప్పు రెండవదానికి ఆరు లక్షల రెట్లు. బోధకులు ఈ వ్యత్యాసాన్ని చూపి రెండవ అప్పును అల్పమంటారు. కానీ దేనారం ఒక దినకూలి (మత్తయి 20:2). నూరు దేనారాలంటే నూరు రోజుల కూలి. ఏ కూలివాని ఇంట్లోనూ అది అల్పమైన మొత్తం కాదు. ఉపమానం దాసుని దయలేనితనాన్ని ఖండించిందే తప్ప, అతనికి రావలసిన బాకీ లేదని ఎక్కడా చెప్పలేదు.

‘అప్పు క్షమించు’ అని పాత అనువాదం చెప్పిన చోట (18:27) నేటి తెలుగువాడు ‘మాఫీ’ అంటాడు. అరబీ, ఉర్దూల ద్వారా వచ్చిన ఈ మాటలో క్షమాపణ, అప్పు రద్దు రెండూ కలిసే ఉన్నాయి. 2014 తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రైతు రుణమాఫీ అమలు మన కళ్ళముందు జరిగింది. మాఫీకి ముందు ఎవరికి ఎంత బాకీ ఉందో లెక్క తేలాలి. మాఫీ అయిన అప్పును మాయం చేయలేం. దానిని మరొకరు భరించాలి. క్షమాపణకూ ఈ రెండు లక్షణాలు వర్తిస్తాయి. అందుకే ఉపమానానికి ముందే మత్తయి 18:15, తప్పు చేసిన సహోదరుని దగ్గరకు వెళ్ళి అతని తప్పు అతనికి తెలియజేయమంటుంది. లూకా 17:3 కూడా మందలింపును ముందుంచి, మారుమనస్సు తర్వాత క్షమాపణను చెబుతుంది. తప్పుకు పేరు పెట్టకుండా క్షమించమనడం లెక్క చూడకుండా ఖాతా మూయమనడం వంటిది.

5. జాషువా కావ్యాల్లో చేదు, ఋణం

ఈ చర్చకు తెలుగు సాహిత్యంలో దగ్గర ఉదాహరణలు గుఱ్ఱం జాషువా కావ్యాల్లో దొరుకుతాయి. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా, క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. ఇక్కడ ఆ కావ్యాన్ని కాక, క్రైస్తవ ఇతివృత్తం లేని రెండు కావ్యాలను పోలికకు తీసుకుంటున్నాను. వాటిలో వేదాంత ప్రతిపాదన ఉందని నా అభిప్రాయం కాదు. గాయపడినవాడు ఏం చేస్తాడన్న ప్రశ్నను అవి సూటిగా ఎదుర్కొన్నాయి.

గబ్బిలం (1941)లో గుడి ప్రవేశం లేని అస్పృశ్యుడు, గుడిలోకి స్వేచ్ఛగా పోగల గబ్బిలం ద్వారా శివునికి తన గోడు వినిపించుకుంటాడు. అతని మాటల్లో చేదు నిండుగా ఉంది. అయినా దానిని ద్వేషమని చదివిన పాఠకుడు కావ్యాన్ని చదవలేదనే చెప్పాలి. అతడు ఎవరినీ దెబ్బతీయడు. జరిగినదానిని మింగి ఊరుకోడు కూడా. తన లెక్కను దేవుని ముందు పెడతాడు. నయోమి, హన్నా చేసిన పని కూడా ఇదే. పగతీర్చుకోవడాన్ని దేవునికి విడిచిపెట్టమన్న రోమా 12:19లోని ‘విడిచిపెట్టడం’ లెక్కను చింపివేయడం కాదు, అప్పగించడం.

ఫిరదౌసి (1932)లో గజనీ సుల్తాను మాట ప్రకారం కవికి ఇవ్వవలసిన బంగారం ఇవ్వడు. మోసపోయిన కవి తన ఆవేదనను మసీదు గోడ మీద వ్రాస్తాడు. చివరకు సుల్తాను పశ్చాత్తాపపడి పంపిన బంగారం, కవి శవయాత్ర సాగుతున్నప్పుడు చేరుతుంది. కుమార్తె దానిని స్వీకరించదు. ఆమె తిరస్కారాన్ని చేదుగానే చదవడం సులభం. కానీ ఋణదాత మరణించిన తర్వాత ఆ ఖాతాను ముగించే అధికారం తనకు లేదన్న గ్రహింపుగా కూడా చదవవచ్చు. గాయపడినవాని తరఫున మరొకరు క్షమించగలరా అన్న కఠినమైన ప్రశ్నను జాషువా అక్కడ మిగిల్చారు. సంఘం బాధితుని పక్షాన తొందరపడి క్షమాపణ ప్రకటించినప్పుడు ఎదురయ్యేది ఈ ప్రశ్నే.

6. ఒక అభ్యంతరం

సిలువ మీద యేసు, తనను సిలువ వేసినవారి పశ్చాత్తాపం కోసం ఎదురుచూడకుండానే వారి కోసం ప్రార్థించాడు (లూకా 23:34). కనుక లెక్క తేలాలన్న వాదన సువార్తకు విరుద్ధమని అనవచ్చు. ఈ అభ్యంతరం బలమైనదే. అయితే ఆ ప్రార్థనలో క్షమించమన్న మాట ఉందంటే, క్షమించవలసిన పని జరిగిందని అర్థం. యేసు తప్పును తప్పుగా గుర్తించాడు. దానిని తండ్రికి అప్పగించాడు. పైగా ఆ మాట గాయపడినవాని నోటి నుండే వచ్చింది. చూస్తున్నవారెవరూ ఆయనను అలా పలకమని అడగలేదు. ఎదుటివాడు మారినా మారకపోయినా చేదును వదలవచ్చునన్న సత్యాన్ని ఈ సందర్భం నిలబెడుతుంది. వదలమని బయటివారు గడువు పెట్టవచ్చునని మాత్రం చెప్పదు.

7. ముగింపు

పై పరిశీలన పాత అనువాదాన్ని తప్పుపట్టడానికి ఉద్దేశించినది కాదు. ‘అచ్చియుండు’ వంటి పదం ఆ అనువాదకుల భాషాజ్ఞానానికి సాక్ష్యం. వారి ఎంపికల వల్ల కొన్ని అర్థసంబంధాలు మరుగున పడ్డాయని గుర్తించడమే ఇక్కడి ప్రయోజనం. దుఃఖం, ద్వేషం ఒకే చేదుకు రెండు దశలని తెలిసిన బోధకుడు మొదటి దశలోనే మనిషిని కలుసుకుంటాడు. అతని ఏడ్పును పాపమనడు, వింటాడు. క్షమ అంటే విడిచిపెట్టడమని తెలిసినవాడు, ఇంకా దెబ్బలు తింటున్న మనిషిని క్షమ పేరుతో అక్కడే ఉండమనడు. తెలుగులో క్షమాపణకు రెండు నానుళ్ళున్నాయి. ఒకటి ‘కడుపులో పెట్టుకో’. రెండవది ‘మనసులో పెట్టుకోకు’. సంఘం ఇంతవరకు మొదటిదానిని ఎక్కువగా బోధించింది. సువార్తల్లోని క్రియ రెండవదానికి దగ్గరగా ఉంది. అయితే మనసులో ఉన్నది బయటికి రావాలంటే దానిని చెప్పుకోవడానికి చోటు, వినడానికి మనిషి కావాలి. ఆ రెండూ ఇవ్వవలసిన బాధ్యత గాయపడినవానిది కాదు, అతని చుట్టూ ఉన్న సంఘానిది.