లాగిన్ వచ్చింది, డేటా వచ్చిందా?

2023 డిసెంబరు 9న డెబియన్ 12.3 రావాల్సి ఉండగా ఆ రోజే విడుదల ఆపేశారు. అందులోని 6.1.64 కెర్నల్ వల్ల ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో డేటా పాడయ్యే ప్రమాదం బయటపడింది. ఒక మార్పును ఈ కెర్నల్ వరుసలోకి తెచ్చినవాళ్లు, దానికి ఆధారమైన ఇంకో మార్పును తేలేదు. మర్నాడే 6.1.66తో 12.4 వచ్చేసింది. ఈలోపు 6.1.64 వేసుకున్న యంత్రాలు మాత్రం చక్కగా బూట్ అయ్యాయి, లాగిన్ ఇచ్చాయి, ఫైళ్లు చూపించాయి. పైకి ఏ లోపమూ కనిపించలేదు.

ఫైల్ సర్వర్ చూసుకునేవాళ్లకు అసలు భయం ఇదే. బూట్ కాని సర్వర్ తన జబ్బు తానే చెబుతుంది, చక్కగా బూట్ అయినది చెప్పదు.

అందుకే అనుభవమున్న అడ్మిన్లు కొత్త కెర్నల్ వేసేముందు పాత కెర్నల్‌తోనే ఒకసారి రీబూట్ చేస్తారు. నెలల తరబడి ఆగకుండా నడిచిన యంత్రంలో నీరసించిన డిస్కో, ఎఫ్‌స్టాబ్‌లో ఎప్పుడో పడ్డ తప్పో అప్పుడే తేలిపోతుంది. లేకపోతే ఆ నింద కొత్త కెర్నల్ మీద పడి, పొద్దంతా తప్పుడు చోట వెతుకులాట. బూట్ విభాగంలో ఖాళీ ఉందో లేదో కూడా అప్పుడే చూడాలి.

జెడ్‌ఎఫ్‌ఎస్ వాడే చోట ఇంకో మెలిక ఉంది. లైసెన్సు కారణంగా అది లినక్స్ కెర్నల్‌లో భాగం కాదు, దాని మాడ్యూల్ కొత్త కెర్నల్‌కు సరిపడేలా విడిగా తయారుకావాలి. తయారు కాకపోతే పూల్ తెరుచుకోదు. డిస్కుల్లో డేటా భద్రంగానే ఉంటుంది, పాత కెర్నల్‌కు వెళ్తే మళ్లీ కనిపిస్తుంది. అందుకే కెర్నల్ మార్చిన రోజే జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ కొట్టడం పొరపాటు. కొత్త ఫీచర్లు వాడుకలోకి వచ్చాక పాత మాడ్యూల్ ఆ పూల్‌ను తెరవలేకపోవచ్చు.

అన్నిటికన్నా దారుణం ఇంకొకటి. డేటా డిస్కు మౌంట్ కాలేదు, కానీ ఎఫ్‌స్టాబ్‌లో నోఫెయిల్ అని ఉంది కాబట్టి బూట్ ఆగలేదు. సాంబా లేచి ఖాళీ డైరెక్టరీనే అందరికీ పంచుతోంది. అకౌంట్స్ వాళ్లు తెరిస్తే ఫోల్డర్ ఖాళీ. సరేలే అని కొత్త ఫైలు సేవ్ చేస్తే అది రూట్ డిస్కులో పడుతుంది. ఆ రాత్రి డిలీట్ ఆప్షన్‌తో ఆర్‌సింక్ నడిచిందంటే, అసలు చోట లేని ఫైళ్లన్నిటినీ బ్యాకప్‌లోంచీ తుడిచేస్తుంది. డిస్కు మౌంట్ అయితేనే సాంబా లేవాలని సిస్టమ్‌డీ యూనిట్‌లో ఒక్క లైను రాస్తే ఇంత అనర్థం తప్పుతుంది. ఆ లైను ఉన్నా సరే, తనిఖీ ముగిసేదాకా బ్యాకప్ క్రాన్‌ను ఆపి ఉంచాల్సిందే.

ఆ తనిఖీ సర్వర్ ముందు కూర్చుని చేసేది కాదు. ఏదైనా క్లయింట్ నుంచి పెద్ద ఫైలొకటి రాసి, తిరిగి చదివి, చెక్‌సమ్ పోల్చాలి. ముందురోజు చెక్‌సమ్‌లు తీసి పెట్టుకున్న పాత ఫైళ్లనూ అలాగే సరిచూడాలి. హార్డ్ మౌంట్ ఉన్న ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్లు సర్వర్ తిరిగొచ్చేదాకా బిగుసుకుపోయి, ఆ తర్వాత వాటంతటవే కదులుతాయి, కంగారుపడి వాటిని చంపనక్కర్లేదు. పాత కెర్నల్ ప్యాకేజీని మాత్రం కనీసం ఒక నెలాఖరు రద్దీ గడిచాకే తీసెయ్యాలి.