మూడో మలుపులో పదును

మా అబ్బాయికి 14 ఏళ్ళు. స్ప్రింట్ కార్ల రేసుల గురించి వాడికి తెలిసినన్ని సంగతులు నాకు తెలియవు. ఏ డ్రైవరు ఏ జట్టు వదిలి ఏ జట్టులో చేరాడు, పాయింట్లలో ఎవరెంత వెనకబడ్డారు, పెన్సిల్వేనియాలో నిన్న రాత్రి ఎవరు గెలిచారు, అన్నీ గడగడా చెబుతాడు. అన్నీ తెర మీద నేర్చుకున్నవే. పోయిన వేసవిలో వాణ్ణి మొదటిసారి నాక్స్‌విల్ ట్రాకుకు తీసుకెళ్ళాను. మేముండే డిమోయిన్ నుంచి గంట ప్రయాణం. హీట్ రేసులు రెండు అయ్యాయో లేదో, వాడు జేబులోంచి ఫోను తీసి, కళ్ళెదుట జరుగుతున్న రేసునే స్ట్రీమ్‌లో చూడ్డం మొదలుపెట్టాడు. అదీ కొన్ని సెకన్లు వెనకగా వస్తోంది.

"ఇక్కడ ఎవరు ఎక్కడున్నారో ఏం తెలియట్లేదు నాన్నా," అన్నాడు.

కోప్పడదామనుకుని ఆగాను. వాడు అన్నది నిజమే. పాతిక కార్లు ఒకేసారి మలుపు తిరుగుతుంటే నాక్కూడా చాలాసేపు ఏమీ తెలియదు. కానీ అది తెలియడానికేనా మనం వెళ్ళేది?

ఈ ఆటలో "వెళ్ళి చూడటమా, ఇంట్లో చూడటమా" అన్న వాదన కొన్నేళ్ళుగా నడుస్తోంది. సినిమా హాలా ఓటీటీనా అన్న గొడవలో మనం అరగదీసిన మాటలే ఇక్కడా వినబడతాయి. వెళ్ళమనేవాళ్ళు ఎప్పుడూ అనుభూతి గురించే చెబుతారు. ఇంజను మోత ఛాతీలో తగులుతుందని, కాలిన మిథనాల్ ఆవిరికి కళ్ళు మండుతాయని, మలుపు దగ్గర కూర్చుంటే కూల్‌డ్రింకులో మట్టి పడుతుందని. అన్నీ నిజమే. అయితే ఈ వాదనలో ఒక ఓటమి దాగి ఉంది. వెళ్ళి చూడటమంటే అదే రేసుకు పైన చల్లిన మసాలా అని ఒప్పేసుకున్నట్టు అవుతుంది. మసాలా కోసం గంట ప్రయాణం, టికెట్టు, చెక్క బల్ల మీద నాలుగైదు గంటలు ఎందుకూ అని ఎవరైనా అడిగితే జవాబుండదు. పైగా వాసన కోసం నలభై ఏళ్ళపాటు ప్రతి శనివారం ఎవరూ వెళ్ళరు. వెళ్ళేవాళ్ళు ఏం చూస్తున్నారో అడగాలి.

కొంచెం వెనక్కి వెళ్తాను. ఈ నాక్స్‌విల్ టెనెసీలోని పెద్ద ఊరు కాదు. అయోవా రాష్ట్రంలో, మొక్కజొన్న చేల మధ్య, ఎనిమిది వేల జనాభా అయినా లేని ఊరు. కౌంటీ సంత జరిగే మైదానంలో అర మైలు మట్టి ట్రాకు. 1961 నుంచి ఇక్కడ జరుగుతున్న నాక్స్‌విల్ నేషనల్స్ ఈ ఆటకు అతి పెద్ద పండగ. ఏటా ఆగస్టులో వస్తుంది. స్టీవ్ కిన్సర్ దాన్ని 12 సార్లు గెలిచాడు. మామూలు రోజుల్లో అయితే వేసవి శనివారాల్లో స్థానిక పోటీలు.

ఇక ఆ కార్లు. 410 ఘనపుటంగుళాల ఇంజను, 900 హార్స్‌పవర్‌కు అటూ ఇటూ శక్తి, డ్రైవరుతో కలిపినా 1400 పౌండ్లకు కాస్త పైన బరువు, నెత్తిన పందిరిలాంటి పెద్ద రెక్క. గేర్లు లేవు. స్టార్టరు కూడా లేదు. వెనక నుంచి ట్రక్కు వచ్చి నెడితేనే ఇంజను రాజుకుంటుంది. ఎడమకు తిరగాలంటే ముందు చక్రాలు కుడికి తిప్పి పట్టుకుని, కారును అడ్డంగా జార్చుకుంటూ పోవాలి.

సేద్యం తెలిసిన తెలుగువాళ్ళకు ఈ ఆట అర్థం చేయించడం అమెరికావాళ్ళకు చేయించడం కంటే తేలిక అనుకుంటాను. మనకు "పదును" అనే మాట ఉంది. వాన పడ్డాక నాగలి దిగడానికి సరిగ్గా సరిపడా నేలలో నిలిచిన తడి. ఎక్కువైతే బురద, తక్కువైతే పెళ్ళలు. మట్టి ట్రాకు రేసు అంటే ఒక్క రాత్రిలో పదును ఎక్కి, ఆరిపోయే కథ.

నాక్స్‌విల్ నేల నల్లటి బంకమట్టి. పోటీలకు చాలా ముందునుంచే ట్యాంకర్లతో తడిపి, గ్రేడరుతో చదునుచేసి, బరువైన బండ్లు తిప్పి అణుస్తారు. సాయంత్రం హాట్ ల్యాప్స్ నాటికి నేల మంచి పదును మీద ఉంటుంది. టైరు మట్టిని కరిచి పట్టుకుంటుంది, ముద్దలు ముద్దలుగా పైకి విసురుతుంది. ఆ దశలో డ్రైవరుకు యాక్సిలరేటరు మీంచి కాలు తీసే పని తక్కువ. చీకటి పడేకొద్దీ లోపలి గాడి ఆరి, టైర్ల కింద నలిగి, నున్నబడి మెరుస్తుంది. అక్కడినుంచి లేచిన వదులు మట్టి బయటి అంచుకు పోయి చేనిగట్టులా పేరుకుంటుంది. దాన్ని కుషన్ అంటారు. కుడి వెనక చక్రాన్ని ఆ గట్టుకు ఆనించి మలుపు తిరిగితే పట్టు దొరుకుతుంది, వేగమూ దొరుకుతుంది. అడుగు ఎక్కువ పడితే గట్టెక్కి గోడకో, పల్టీకో. లోపలి గాడిలో పోతే దూరం తక్కువ, పట్టూ తక్కువే. ఎక్కడ నడపాలన్నది ప్రతి 15, 16 సెకన్లకోసారి కొత్తగా తేల్చుకోవాల్సిన బేరం. ఒక్కోసారి ఆరిన నేల మీద రబ్బరు పూత పడిపోతుంది. అప్పుడిక అందరూ ఒకే గాడిలో బారులు తీరతారు. దాటడం గగనం, టైర్లు మాత్రం అరిగిపోతుంటాయి.

అంటే రాత్రి ఏడింటి నేల వేరు, పదింటి నేల వేరు. ఏడింటికి చెలరేగిపోయినవాడు పదింటికి తేలిపోవచ్చు. హీట్లో నాలుగోవాడుగా వచ్చిన ఒకడు ఎవరూ పోని గాడిని వెతుక్కుంటున్నాడని ముందే గమనిస్తే, ఫీచర్ రేసులో వాడు పైకి రావడం ఆశ్చర్యం అనిపించదు.

పాతకాపులు చూసేది దీన్నే. రేసుకూ రేసుకూ మధ్య ట్యాంకరు దిగినప్పుడు, నేనైతే తినడానికి ఏదన్నా తెచ్చుకోవడానికి లేస్తాను. వాళ్ళు లేవరు. నీళ్ళు ఏ వైపు చల్లుతున్నారో, ఏ వైపు వదిలేస్తున్నారో చూస్తూ కూర్చుంటారు. స్ట్రీమ్‌లో ఆ సమయానికి ప్రకటనలో, పిట్స్‌లో ఎవరితోనో ఇంటర్వ్యూనో వస్తుంటాయి. కథ మలుపు తిరిగే చోట కెమెరా మొహం తిప్పుకుంటుందన్న మాట. తిప్పుకోకపోయినా పెద్ద లాభం ఉండదేమో. దీపాల వెలుతురులో, పైనుంచి తీసిన దృశ్యంలో, మట్టి అంతా ఒకటే గోధుమరంగు. మలుపుల వాలు చదునైపోతుంది. గట్టు ఎంత ఎత్తు లేచిందో తెలియదు. కెమెరా ముందున్నవాణ్ణో, దగ్గర దగ్గరగా పోట్లాడుకుంటున్న ఇద్దర్నో పట్టుకుని పోతుంది. దర్శకుడిని తప్పు పట్టను, రేసు ఎలా జరిగిందో చెప్పాలంటే అంతే చేయాలి. కానీ పదకొండోవాడు కొత్త గాడి వెతుక్కుంటున్న ఆ రెండు ల్యాపులు వాడు నాలుగోవాడయ్యాకే మనకు వార్త అవుతాయి.

స్ట్రీమ్‌కు న్యాయం కూడా చేయాలి. కారులో బిగించిన కెమెరా నాకు స్టాండ్స్‌లో ఎన్నడూ తెలియని ఒక విషయం చూపించింది. నేల నున్నబడేకొద్దీ డ్రైవర్లు కూర్చున్నచోటి నుంచే నెత్తి మీది రెక్కను వెనక్కి జరుపుకుంటారు. వెనక చక్రాల మీద బరువు పెంచి, జారే నేల మీద పట్టు తెచ్చుకోవడానికి. ఎన్నో రాత్రులు స్టాండ్స్‌లో కూర్చున్నా నేను దాన్ని చూడలేదు, తెర మీద చూశాకే అక్కడ వెతకడం నేర్చుకున్నాను.

మా ఆఫీసులో రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. నన్ను మొదట నాక్స్‌విల్‌కు తీసుకెళ్ళింది ఆయనే. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక స్టాండ్స్ మెట్లు ఎక్కలేరు. ఇంట్లోనే చూస్తారు. ఆయన పక్కన కూర్చుని 2016 నేషనల్స్ ఫైనల్ రికార్డింగు చూశాను. అప్పటికి డానీ షట్జ్ అంతకుముందు పదేళ్ళలో తొమ్మిదిసార్లు ఈ పోటీ గెలిచి ఉన్నాడు. ఆ రాత్రి లూసియానా నుంచి వచ్చిన జేసన్ జాన్సన్ గెలిచాడు, షట్జ్ రెండోవాడయ్యాడు. నాకు తెర మీద కనిపించింది ఇద్దరు మనుషుల పోరాటం. బాగుంది, ఊపిరి బిగబట్టి చూశాను. ఆయన చూసింది మరొకటి. "అదుగో, కారు వెనక భాగం ఎక్కడ ఊగుతుందో చూడు. గట్టు అక్కడ తెగింది. ఇద్దరికీ తెలుసు," అన్నారు. రికార్డింగును నాలుగుసార్లు వెనక్కి తిప్పినా నాకు గట్టూ కనబడలేదు, తెగడమూ కనబడలేదు. ఆయన కారు కదలికను చూసి కింది నేలను చదువుతున్నారు. ఆ రాత్రి ఆయన అక్కడ ఉన్నారు. అంతకుముందు ఎన్నో రాత్రులు ఉన్నారు. జాన్సన్ 2018 జూన్‌లో విస్కాన్సిన్‌లోని బీవర్ డ్యామ్ ట్రాకులో ప్రమాదానికి గురై చనిపోయాడు. ఆ రికార్డింగు పెట్టినప్పుడల్లా పెద్దాయన చివరి ల్యాపు అయ్యాక కట్టేస్తారు, సంబరాలు చూడరు.

నా సందేహం ఇక్కడే మొదలైంది. ఆ తెరే ఆయనకూ, ఆ తెరే మా వాడికీ. ఆయనకు అది చాలుతోంది, ఎందుకంటే లేనిదాన్ని ఆయన నలభై ఏళ్ళ నిల్వలోంచి తీసి పూరించుకుంటున్నారు. మా వాడికి ఆ నిల్వ లేదు. ఉందని కూడా వాడికి తెలియదు. పేర్లు, అంకెలు, స్థానాలు తెలిస్తే ఆట తెలిసినట్టే అనుకుంటున్నాడు. స్టాండ్స్‌లో కూర్చున్న తరమే రేపు స్ట్రీమ్‌లో చూస్తున్నంతకాలం ఈ లోటు బయటపడదు. తెర మీదే పుట్టిన తరం వచ్చాక ఏమవుతుంది? పదును గమనించే ప్రేక్షకులు లేనిచోట పదును గురించి చెప్పే వ్యాఖ్యాత మాత్రం ఎందుకుంటాడు?

డబ్బు సంగతి దీనికి విడిగా లేదు. ట్రాకు బతికేది ముందు గేటు దగ్గర టికెట్లతో, వెనక గేటు దగ్గర జట్లవాళ్ళు కొనే పిట్ పాసులతో, తినుబండారాల కొట్లతో. పెద్ద సిరీస్‌ల సంగతి వేరు. టెడ్ జాన్సన్ 1978లో మొదలుపెట్టిన వరల్డ్ ఆఫ్ అవుట్‌లాస్ డర్ట్‌విజన్‌లో వస్తుంది. కైల్ లార్సన్, బ్రాడ్ స్వీట్ పెట్టిన హై లిమిట్ 2024లో పూర్తి సీజన్‌గా నడిచినప్పుడు ఫ్లోరేసింగ్‌లో వచ్చింది. రెండూ కావాలంటే రెండు చందాలు కట్టాలి. అంత కట్టినవాడు శనివారం రాత్రి దగ్గర్లోని చిన్న ట్రాకుకు పోకుండా, కట్టిన డబ్బుకు న్యాయం చేసుకుంటూ ఇంట్లోనే కూర్చుంటాడని చిన్న ట్రాకులవాళ్ళ భయం. ఎంతమంది అలా మానేశారో లెక్క నా దగ్గర లేదు గానీ, భయంలో అర్థం ఉంది. పెద్ద డ్రైవర్లు ఆ చిన్న ట్రాకుల్లో తయారైనవాళ్ళే.

2020 మే 8న అవుట్‌లాస్ నాక్స్‌విల్‌లో ప్రేక్షకులు లేకుండా పోటీ పెట్టారు. కోవిడ్ మొదటి నెలలు. నాస్కార్ డార్లింగ్టన్‌లో మళ్ళీ మొదలైంది మే 17న, అంటే అంతకంటే తొమ్మిది రోజుల ముందు. దేశమంతా తెర మీదే చూసింది. డేవిడ్ గ్రావెల్ గెలిచాడు. ఆ రాత్రి స్ట్రీమ్ లేకపోతే ఆ పోటీయే లేదు, అది మరిచిపోకూడదు. నేనూ చూశాను, కృతజ్ఞతతోనే చూశాను. కార్ల వెనక ఖాళీ బల్లలు కనిపిస్తుంటే, తెర మీద ఎప్పుడూ పట్టించుకోని ఒక సంగతి తట్టింది. మామూలు రోజుల్లో ఎవరైనా కొత్త గాడి పట్టుకుంటే వ్యాఖ్యాత కంటే ముందు జనం లేచి నిలబడతారు. ఆ లేవడం చూసి కెమెరా అటు తిరుగుతుంది. ఆ రాత్రి కెమెరాకు దారి చూపించేవాళ్ళే లేరు.

ఈ ఏడాది మా వాణ్ణి మళ్ళీ తీసుకెళ్ళాను, ఫోను కారులో పెట్టించి. ముందున్నవాణ్ణి చూడొద్దు, ఒకే మలుపును చూడు అన్నాను. మూడో మలుపు. మొదటి గంట విసుక్కున్నాడు. రెండో గంటలో ఏమీ మాట్లాడలేదు. బీ-మెయిన్ అయ్యాక ట్యాంకరు దిగింది, నేను లేవలేదు కాబట్టి వాడూ లేవలేదు.

అప్పుడు నా ఫోను మోగింది. పెద్దాయన. ఇంట్లో స్ట్రీమ్ చూస్తున్నారు. "ఇక్కడ ఏదో ప్రకటన వేస్తున్నాడు. మూడో మలుపులో పైన తడి ఉందా, ఆరిందా?" అని అడిగారు. నాకు ఆరినట్టే అనిపించింది, ఆ మాటే చెప్పబోతున్నాను. మా వాడు ఫోను లాక్కుని, "కింద మెరుస్తోంది. గట్టు దగ్గర మాత్రం ఇంకా నల్లగానే ఉంది," అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇద్దరం వాదించుకుంటుంటే అటునుంచి ఆయన ఇంకేదో అడిగారు గానీ, ట్రక్కులు కార్లను నెట్టడం మొదలుపెట్టాయి, ఒక్కో ఇంజనూ రాజుకుంది, ఇక ఏమీ వినబడలేదు.