పరిచర్య - పని: తెలుగు క్రైస్తవ పరిభాషలో సేవావరం (మెతుకుసీమ నేపథ్యం)

వ్యాససంగ్రహం:
కొత్త నిబంధన చెప్పే కృపావరాల్లో ‘పరిచర్య’ ఒకటి. తెలుగు సమాజంలో ఈ పదానికి క్రైస్తవానికి ముందే ఒక సామాజిక చరిత్ర ఉంది. అనువాదం ఆ చరిత్రను ఎంతవరకు తిరగరాసింది, సంఘ వ్యవహారం దాన్ని ఎంతవరకు నిలబెట్టింది అన్న ప్రశ్నలను మెదక్-సిద్దిపేట ప్రాంత నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పరిచర్య, కృపావరం, వెట్టి, అనువాదం, మెదక్ అధ్యక్ష మండలం.

1. ఉపోద్ఘాతం:
రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయంలో పౌలు ఏడు వరాలను పేర్కొన్నాడు. వాటిలో ప్రవచనం తర్వాత, బోధకు ముందు పరిచర్య ఉంది. మొదటి కొరింథీయుల పత్రిక 12వ అధ్యాయంలో ‘ఉపకారములు’ కూడా వరాల జాబితాలోనే చేరాయి. వరం అర్హతను బట్టి గాని పుట్టుకను బట్టి గాని వచ్చేది కాదు, కృపవల్ల కలిగేది. అందుకే సేవను వరమనడం సాధారణమైన మాట కాదు. సేవ కొందరికి విధిగా, కొందరికి హక్కుగా పంచబడిన సమాజంలో ఆ మాట మరింత బరువైనది.

2. పదం వెనుక చరిత్ర:
‘పరిచర్య’ క్రైస్తవులు సృష్టించిన పదం కాదు. గురువుకు, దైవానికి, పెద్దలకు చేసే శుశ్రూష అనే అర్థంలో అది సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చింది. భగవద్గీత 18వ అధ్యాయం శూద్రునికి స్వభావసిద్ధమైన కర్మగా చెప్పింది పరిచర్యనే. ‘డయకోనియా’ అనే గ్రీకు పదానికి తెలుగు అనువాదకులు చాలాచోట్ల ఇదే మాటను ఎంచుకున్నారు. ఫలితంగా ఒకే పదం రెండు భిన్నమైన వ్యవస్థల్లో నిలిచింది. ఒకచోట అది స్వభావజం, మరొకచోట కృపావరం. మొదటిది పుట్టుకతో ఒక వర్ణానికి కట్టుబడింది. రెండవది ఎవరికైనా దక్కగలదు. నిజాం పాలనలో దొరల గడీలకు వెట్టి చేసిన కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారికి ఈ తేడా పదచర్చకు పరిమితమైనది కాదు. చాకిరీని బలవంతంగా మోసినవారికి సేవ ఒక వరమని చెప్పడం విముక్తి అవుతుందా, పాత బరువుకు కొత్త పేరవుతుందా అన్నది అసలు సమస్య.

3. అనువాదంలో విభజన:
బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా ప్రచురణగా సంఘాల్లో చిరకాలంగా వాడుకలో ఉన్న అనువాదం ఈ ప్రశ్నకు కొంత ఆధారమిస్తుంది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాండ్రకు సాగే అనుదిన సహాయానికీ, వాక్యబోధకూ మూలంలో ఒకే పదం ఉంది. తెలుగులోనూ ఆ రెండుచోట్ల ‘పరిచర్య’ నిలిచింది. అయితే నడుమ రెండవ వచనంలో అపొస్తలులు తమది కాదన్న బల్లల సేవను తెలుగు ఆహారం పంచిపెట్టడంగా చెప్పింది. లూకా 10వ అధ్యాయంలో మార్త వంటింటి డయకోనియా కేవలం ‘పని’ అయింది. మార్కు 1వ అధ్యాయంలో పేతురు అత్త చేసినది ‘ఉపచారము’. రోమా 16వ అధ్యాయంలోని ఫీబే మాత్రం ‘పరిచారకురాలు’.

సందర్భాన్ని బట్టి పదం మారడం అనువాదంలో సహజమే. దీనిని అనువాదకుల దురుద్దేశంగా చూడనక్కరలేదు. కానీ అన్నం, వంట, ఇల్లు ఉన్నచోట పదం దిగివచ్చి, వాక్యమూ సంఘహోదా ఉన్నచోట ‘పరిచర్య’గా నిలవడం గమనించదగినది. మూలం కలిపి ఉంచిన రెంటినీ తెలుగు పాఠకుడు విడివిడిగా చదువుకుంటాడు.

4. మెతుకుసీమ సాక్ష్యం:
సిద్దిపేట 2016 అక్టోబరు 11న ప్రత్యేక జిల్లా అయ్యేవరకు మెదక్ జిల్లాలో భాగం. ఈ ప్రాంతంలో వెస్లియన్ మెథడిస్టు మిషన్ నాటిన సంఘాలు 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో కలిసి మెదక్ అధ్యక్ష మండలంలో కొనసాగుతున్నాయి. చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో నిర్మించిన మెదక్ కెథడ్రల్ 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. కరువులో ఉన్నవారికి పని కల్పించి తిండి పెట్టడానికి ఆ నిర్మాణం తోడ్పడిందన్నది ప్రజల్లో స్థిరపడిన కథనం. ఆ కథనంలో అన్నం పెట్టినవారిది సేవ, రాళ్లు మోసినవారిది పని. మార్త విషయంలో అనువాదం చేసిన విభజనే ఇక్కడ జనస్మృతిలో కనిపిస్తుంది. ఆకలితో రాయెత్తిన మనిషి ఆ మందిరానికి ఇచ్చినది పరిచర్య ఎందుకు కాలేదు?

మెదక్ అధ్యక్ష మండలంలోని జంగరాయి ప్రాంతాన్ని అధ్యయనం చేసి పి.వై. లూక్, జాన్ బి. కార్మన్ 1968లో వెలువరించిన గ్రంథం, గ్రామ క్రైస్తవులు ఊరి పండుగలతో, కులసంబంధాలతో ముడిపడే జీవించారని చర్చించింది. మతం మారినా ఊరిలో చాకిరీ బంధాలు ఒక్కసారిగా తెగలేదని దీన్నిబట్టి భావించవచ్చు.

5. నేటి వ్యవహారం:
నేడు సంఘాల్లో ‘పరిచర్య’ అంటే ప్రధానంగా బోధకుని వృత్తి. ‘దైవసేవకుడు’ గౌరవబిరుదు. దొరను అయ్యా అని పిలవవలసివచ్చిన కులాల నుంచి వచ్చిన కాపరిని సంఘం ‘అయ్యగారు’ అని సంబోధించడం తక్కువ సాధన కాదు. సేవకుని పేరే గౌరవస్థానం కావడం సువార్త కోరిన తలకిందులు మార్పే. అయితే ఆ మార్పు వేదిక దగ్గరే ఆగిపోయింది. ఆదివారం తెల్లవారకముందే గుడి ఊడ్చే స్త్రీ, పండుగ భోజనానికి పొయ్యి దగ్గర నిలిచేవారు, రోగి మంచం పక్కన రాత్రంతా కూర్చునేవారు చేసేది ఇంకా ‘పని’గానే వినిపిస్తోంది. పౌలు జాబితాలో బోధకు ముందున్న వరం వ్యవహారంలో బోధలో కలిసిపోయింది.

6. ముగింపు:
పరిచర్యను పుట్టుక నుంచి విడదీసి వరంగా నిలపడం తెలుగు క్రైస్తవ పరిభాష సాధించిన విలువైన అర్థవిస్తృతి. ఆ పదాన్ని బోధకుని వృత్తికి కుదించడం దాని అర్థసంకోచం. సేవను వరమని పొగడుతూ అదే మనుషులపై అదే బరువును ఉంచితే, కృపావరం మళ్లీ స్వభావజమే అవుతుంది. పదం తన పూర్తి అర్థాన్ని నిలుపుకోవాలంటే రెండు జరగాలి. చీపురు పట్టిన చేతికి ‘పరిచర్య’ అనే పేరు దక్కాలి. ఆ చీపురు అందరి చేతుల్లోకీ మారాలి. మొదటిది మాత్రమే జరిగితే అది ఓదార్పు. రెండూ జరిగితేనే వరం.