నాలుగొందలకీ అయిదొందలకీ మధ్య

జపాన్ కంపెనీ ‘బాస్’ 1981లో తెచ్చిన జీఈ-7 ఈక్వలైజర్ పెడల్‌ను గిటారిస్టులకు కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. చేతిలో ఇమిడిపోయే లోహపు డబ్బా, దానిమీద వరసగా ఏడు స్లైడర్లు, మొత్తం శబ్దాన్ని పెంచి తగ్గించడానికి ఎనిమిదోది. ఏడూ పెంచి తగ్గించే పౌనఃపున్యాలు ఇవీ: 100, 200, 400, 800, 1600, 3200, 6400 హెర్ట్జ్. ఒక్కో మెట్టుకీ రెట్టింపు. మంద్ర షడ్జానికీ మధ్య షడ్జానికీ ఎంత దూరమో, ఒక స్లైడర్‌కీ పక్కదానికీ అంతే. లెక్క ముచ్చటగా ఉంది.

నాకు అంతకంటే నచ్చింది అదే కంపెనీ బేస్ గిటార్ కోసం చేసిన జీఈబీ-7. దాని వరస చూడండి: 50, 120, 400, 500, 800, 4500, 10000. లెక్కల మాస్టారైతే ఎర్రసిరాతో కొట్టేస్తాడు. 120 నుంచి 400కి గెంతు, ఆ వెంటనే 400, 500 భుజం భుజం రాసుకుంటూ నిలబడటం, 800 దాటాక ఏకంగా 4500! ఇది చెవితో వేసిన వరస. బేస్ ఏ స్వరం పలుకుతోందో శ్రోతకు తెలిసేది చాలావరకు ఆ నాలుగైదు వందల ప్రాంతంలోనే. కీబోర్డు ఎడమచెయ్యి, మగగొంతు, గిటార్ కింది తీగలు అన్నీ దానితో పోట్లాడేదీ అక్కడే. అందుకే ఆ ఇరుకు చోటుకి రెండు స్లైడర్లు ఇచ్చారు. 4500 దగ్గరున్నది వేలు తీగను మీటిన చప్పుడు, తీగ ఫ్రెట్‌కు తగిలే టకటక.

50, 120 లాంటి తక్కువ పౌనఃపున్యాలను విడదీయాలంటే పాత పద్ధతిలో పెద్ద కాయిల్ కావాలి. కాయిల్ బరువు, పైగా పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ రొదను లాగేసుకుంటుంది. ఇలాంటి పెడళ్లలో ఆ పని చిన్న చిప్పూ, కెపాసిటరూ కలిసి చేస్తాయి. గైరేటర్ అనే ఈ ఏర్పాటు కాయిల్ లేకుండానే కాయిల్‌లా ప్రవర్తిస్తుంది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ మీద ఒక్కో స్లైడర్ 15 డెసిబెల్స్ పైకీ, అంతే కిందికీ పోతుంది. 15 డెసిబెల్స్ అంటే వోల్టేజి సుమారు అయిదున్నర రెట్లు. బ్యాటరీ మార్చడానికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, కాలు పెట్టే పలక దగ్గరి స్క్రూను వేళ్లతోనే తిప్పి తీయవచ్చు. స్టేజీ చీకట్లో ఈ ఒక్క వసతికే దండం పెట్టాలి.

ఇప్పుడు జీఈబీ-7ను హైదరాబాదు అబిడ్స్‌లో ఏదో సందులో, పై అంతస్తు గదికి పట్టుకుపోదాం. నాలుగు వైపులా సిమెంటు గోడలు, కింద నాపరాళ్లు, పొడవు 14 అడుగులు. అంత పొడవు గదిలో శబ్దం గోడల మధ్య ఊగే మొదటి పౌనఃపున్యం ఇంచుమించు 41 హెర్ట్జ్. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగను నొక్కకుండా మీటితే వచ్చేదీ 41 హెర్ట్జే. ఆ ఒక్క స్వరానికే గది గుమ్మని మోగుతుంది, మిగతా స్వరాలు పీలగా వినిపిస్తాయి. వాల్యూమ్ తగ్గిస్తే అన్నీ తగ్గుతాయి. 50 స్లైడర్‌ను నాలుగైదు డెసిబెల్స్ దించితే బేస్ మళ్లీ సమంగా నడుస్తుంది. అదే బేస్‌ను నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఆరుబయట స్టేజీ ఎక్కించామనుకోండి. గోడల్లేవు, గది ఇచ్చే అరువు బలమూ లేదు. దించిన 50ని మళ్లీ నడిమికి తేవాల్సిందే. నడిమి దగ్గర వేలికి చిన్న గాడి తగులుతుంది కాబట్టి చూడకుండానే పని జరిగిపోతుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కావడం వల్ల ఇంకో లాభముంది. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న చవక అడాప్టర్ తెచ్చే గుయ్ శబ్దంలో దానికి రెట్టింపైన 100 హెర్ట్జ్ పాలు ఎక్కువ. జీఈ-7 మొదటి స్లైడర్ సరిగ్గా దాని నెత్తిమీదే ఉంది. కరెంటు 60 హెర్ట్జ్ ఉన్న అమెరికాలో ఆ రొద 120 దగ్గరుంటుంది, కాబట్టి గురి కాస్త తప్పుతుంది. స్లైడర్ దించితే రొద మొత్తం పోదు, పై పౌనఃపున్యాల్లో దాని పిల్లలు మిగిలే ఉంటాయి. గిటార్ ఒళ్లు కూడా కొంత చిక్కుతుంది. జీఈ-7కి సొంత లోపమూ ఒకటుంది. 3200, 6400 లేపితే తళుకుతో పాటు సుయ్‌మనే హిస్ కూడా లేస్తుంది. అందుకని మెరుపు కావాలంటే పైవి లేపడం కన్నా కిందివి దించి, ఎనిమిదో స్లైడర్‌తో మొత్తాన్ని సరిచూసుకోవడమే మేలు.

డిస్టార్షన్ పెడల్‌కు ముందు దీన్ని పెట్టాలా, తర్వాతా అని వాదనలున్నాయి. ముందు పెట్టి 800 లేపితే గరుకు పెరుగుతుంది, శబ్దం పెద్దగా పెరగదు. తర్వాత పెడితే గరుకు అలాగే ఉండి గిటార్ ముందుకొస్తుంది. సోలోల కోసమైతే నా ఓటు తర్వాత పెట్టడానికే: 100 దించి, 800, 1600 చెరో మూడు డెసిబెల్స్ లేపి, ఎనిమిదోదాన్ని ఒక్క పిసరు పైకి జరిపి.