బంగారక్క వస్తేనే ఆట

బ్రిటన్‌లో 1963లో మొదలైన సైన్స్ ఫిక్షన్ సీరియల్ ‘డాక్టర్ హూ’కు 1966లో హీరో పాత్రధారిని మార్చాల్సి వచ్చింది. డాక్టర్ ఒళ్లు మార్చుకుని కొత్త మనిషిగా లేస్తాడని కథలోనే కలిపేశారు. నటులు మారుతూ వచ్చారు, డాక్టర్ నిలిచాడు.

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మలాటలోనూ పాత్రదే పెద్దపీట. రాముడు, రావణుడు, హనుమంతుడు లాంటివాళ్లకు సందర్భాన్ని బట్టి వేర్వేరు బొమ్మలుంటాయి. బొమ్మ మారినా మనిషి అతడేనని చూసేవాళ్లకు తెలియాలి. ఆ భారమంతా ఆడించేవాడి గొంతు మీదే.

మేకతోలును శుభ్రంచేసి, గీకి, ఆరబెట్టి, బొమ్మ గీసి రంగులద్దుతారు. నగలు, అంచులు ఉండే చోట సన్నని రంధ్రాలు కొడతారు. తెల్లతెర వెనక దీపం వెలిగితే అవి మెరుస్తాయి. ఒకప్పుడు ఆముదం దీపాలు, ఇప్పుడు కరెంటు బల్బులు.

రామాయణం అందరికీ తెలిసిందే. అయినా రాత్రుళ్లు కూర్చోబెట్టేది కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు. యుద్ధం మధ్యలో దూరి తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, ఊరి సంగతులెత్తుతారు. ఏ కాండలోనూ లేని ఈ ముగ్గురూ ఆటకు ప్రాణం.

ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆటలు తగ్గాక అక్కడి చేతులు తోలుతోనే లాంప్‌షేడ్లు, గోడబొమ్మలు చేస్తున్నాయి. పనితనం గొప్పదే. కానీ లాంప్‌షేడ్‌కు గొంతు ఉండదు. కొనేవాళ్లు ఒక ఆటా కట్టించుకోవాలి, బంగారక్కతో సహా.